ఎర్ర వీరుడి కనుపాపలు

దీపాలు పెట్టాక సాగనంపు మెట్ల వైపు వెళ్ళకండి.

మా వరస ఇళ్ళలోకి కొత్తగా ఎవరు దిగినా ముందు చెప్పే మాట అది. బావి ఎక్కడుందో, బొగ్గులు ఎవరమ్ముతారో ఆ తర్వాత చెబుతారు. మేం ఎడో నగరానికి వచ్చిన రోజున నాకూ అలాగే చెప్పారు. నా చిన్నది వీపున ఉంది. పెద్దవాడు నా చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కడేముంది అవ్వా?" అని అడిగాను.

"ఏమీ లేదు. అందుకే వెళ్ళొద్దంటున్నాం," అంది మా వరసకి పెద్దదైన ఓకుమా అవ్వ.

అద్దకంవాళ్ళ వీధి వెనక కాలువలోకి దిగే పదకొండు రాతిమెట్లు అవి. పగలు అక్కడ భయమేమీ లేదు. ఆడవాళ్ళు ముల్లంగులు కడుక్కుంటారు. బొమ్మలు అచ్చువేసేవాళ్ళు తమ చెక్క పలకలు తెచ్చి కడుక్కుంటారు. పిల్లలకి మశూచి వచ్చి తగ్గితే పన్నెండో రోజున గడ్డి మూత మీద ఎర్ర అన్నం పెట్టి, ఇన్నాళ్ళూ మంచం దగ్గర కాపలా ఉన్న ఎర్ర బొమ్మనీ దాని మీదే పెట్టి, నీళ్ళలో వదిలేస్తారు. బొమ్మతో పాటు రోగాన్నీ సాగనంపడమన్నమాట. మెట్లకి ఆ పేరు అలా వచ్చింది.

చీకటి పడితే మాత్రం... ఆఖరి మెట్టు మీద ఒక ఆడమనిషి ఉంటుందంటారు. కిమోనోకి వేలాడే పొడవాటి చేతిగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని ఉంటుంది. ఏడవదు. మీద పడదు. దాటిపోతున్నవాళ్ళని ఒక్కటే అడుగుతుంది —

"నన్ను గుర్తుపట్టారా?"

లేదని పరిగెత్తినవాళ్ళు చాలామంది ఉన్నారు. సేమ్యా బండి అతను మూడు రోజులు జ్వరంతో పడుకుని లేచాడు. గుర్తుపట్టానన్నవాడు నాకు తెలిసి ఒక్కడే. మా పక్కింటి ఇసోకిచి.

ఇది అతను చెప్పింది, అతని భార్య ఓతాకి చెప్పింది కలిపి చెబుతున్నాను. మా రెండిళ్ళ మధ్యా ఉన్నది పలచటి చెక్క గోడ. అయినా గోడలోంచి విన్నదాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. వాళ్ళు ఎదురుగా కూర్చుని చెప్పిందే రాస్తున్నాను. నేనొక్కదాన్నే కళ్ళారా చూసింది చివర్లో ఒక్కటుంది. అది వచ్చినప్పుడు చెబుతాను.

ఇసోకిచి అచ్చువేసేవాడు. పలక మీద రంగు పూసి, తడికాగితం పరిచి, వెనక నుంచి వెదురాకు చుట్టిన బిళ్ళతో రుద్దడం అతని పని. పలక చెక్కేది గెంపాచి. ఇద్దరూ ఇరవై ఏళ్ళుగా ఒకే కప్పు కింద కూర్చుని తిట్టుకుంటూ పనిచేశారు.

ఇసోకిచికి ఒక జబ్బుంది. అబద్ధం చెప్పలేడు. పనిశాలలోంచి ఒక్క కాగితం ముక్క ఇంటికి తేడు. "వీడు తుమ్మాలన్నా ముందు యజమానిని అడుగుతాడు," అని గెంపాచి ఎగతాళి చేసేవాడు. "ఏరా, నిన్న నీ నీడ ఇక్కడే వదిలేసి పోయావు. పనిశాల గోడ మీద పడింది కదా, మనది కాదనుకున్నావా?"

ఆ రోజుల్లో వాళ్ళు వేసిన బొమ్మల్లో ఎక్కువగా అమ్ముడుపోయింది ఓషినోది. ఓషినో గుడి వాకిట టీ దుకాణంలో పనిచేసే పిల్ల. టీ తాగడానికి వెళ్ళినవాళ్ళు టీ చల్లారబెట్టుకుని కూర్చునేవారట. ఆమె బొమ్మ వేశారు — తల కొంచెం వంచి, చెవి వెనక జారిన వెంట్రుకలు సర్దుకుంటున్నట్టు. ఆ వెంట్రుకలు చెక్కడానికి గెంపాచికి పదకొండు రోజులు పట్టింది. ఆ మొహాన్ని ఇసోకిచి ఎన్ని వందల సార్లు రుద్దాడో అతనికే తెలీదు. "కళ్ళు మూసుకుని కూడా ఆ బుగ్గ ఎక్కడ తిరుగుతుందో నా చేతికి తెలుసు," అనేవాడు.

తర్వాతి చలికాలం ఓషినోకి మశూచి వచ్చింది. బతికింది.

వసంతంలో ఒక మధ్యాహ్నం ఎవరో ఒకామె పనిశాల గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మొహానికి కప్పుకున్న గుడ్డ తీసింది.

"నన్ను గుర్తుపట్టారా?"

ఇసోకిచి తలెత్తి చూశాడు. నిజంగా చూశాడు. అతని మోకాలి పక్కనే ఓషినో బొమ్మలు దొంతరగా ఆరుతున్నాయి.

"లేదమ్మా. ఎవరు కావాలి?"

ఆమె ఆ దొంతర వైపు చూసింది. తన మొహమే — ఒకదాని మీద ఒకటి, అన్నీ ఒకేలా. గుడ్డ కప్పుకుని వెళ్ళిపోయింది.

గెంపాచి ఉలి కింద పెట్టి మెల్లిగా అన్నాడు. "ఒరేయ్... అది ఓషినో రా."

ఇసోకిచి రంగు చేతులతోనే వీధి చివరిదాకా పరిగెత్తాడు. లేదు.

మూడో రోజు పొద్దున్న ఆఖరి మెట్టు మీద ఒక జత చెప్పులు కనబడ్డాయి. పక్కపక్కనే, పొందిగ్గా, ముక్కులు కాలువ వైపు తిప్పి.

దాన్నించే ఆ మెట్లకి చెడ్డ పేరు.

తర్వాత ఇసోకిచికి ఓతాకితో పెళ్ళయింది. ఓతాకిది ఎచిగో, మంచు దేశం. ఇద్దరికీ ఈ నగరంలో నా అన్నవాళ్ళు లేరు. పాప పుట్టింది. పేరు ఓనావో. నేను వచ్చేసరికి దానికి నాలుగేళ్ళు నిండి ఐదు నడుస్తోంది.

వాళ్ళ గోడ మీద ఒకే ఒక్క బొమ్మ ఉండేది. ఓషినోది. పెదవి రంగు కొంచెం పక్కకి జరిగి చెడిపోయిన కాగితం. యజమాని స్వయంగా చేతిలో పెడితేనే తెచ్చుకున్నాడు. మా ఇంటికి అత్తలూ పిన్నులూ పల్లె నుంచి వచ్చిపోవడం చూసి ఓనావో ఒకరోజు అమ్మని అడిగిందట, "మనకి పిన్ని లేదా?" అని. ఓతాకి చేతిలో పనుండి, "అదిగో, గోడ మీదుంది," అంది. ఆ రోజు నుంచి ఆ బొమ్మ దానికి పిన్ని. నిద్ర లేచి పలకరించేది. కొత్త చెప్పులు చూపించేది. ముల్లంగి ఊరగాయ పెట్టబోయి గోడంతా మరక చేసింది.

పోయిన చలికాలం ఊళ్ళోకి మశూచి దిగింది. పన్నెండో నెలలో ఓనావో ఒళ్ళు జ్వరంతో కాలింది. మూడో రోజుకి పొక్కులు.

ఓకుమా అవ్వ వచ్చి గది సర్దించింది. "ఎరుపు కానిదేదీ ఈ గదిలో ఉండకూడదు. మశూచి దేవుడికి ఎరుపంటే ఇష్టం. ఇష్టమైంది కనబడితే నెమ్మదిగా ఉంటాడు. ఆ టీ కొట్టు పిల్లని దింపు ముందు."

ఓషినో బొమ్మని చుట్టి పెట్టెలో పెట్టారు. పాప అప్పుడు మాత్రం కొంచెం ఏడ్చింది. పక్కకి ఎర్ర గుడ్డ వేశారు. అవ్వ ఒక ఎర్ర గుడ్లగూబ బొమ్మ తెచ్చింది. నేనేమీ తీసుకెళ్ళలేదు. నా ఇద్దరికీ మశూచి ఇంకా రాలేదు. గుమ్మం బయటే నిలబడి పలకరించాను. ఆ సంగతి కూడా చెప్పకపోతే తప్పు.

ఇక కావలసింది ఎర్ర వీరుడు. కుసుమపువ్వు ఎరుపుతో మాత్రమే అచ్చువేసిన బొమ్మ. ఎవరింట్లో పిల్లలకి మశూచి వచ్చినా చుట్టాలు తలా ఒకటి తెస్తారు. విల్లు ఎక్కుపెట్టి, గుమ్మం వైపు గుడ్లురిమి చూస్తుంటాడు. ఆ చూపు దాటి రోగం ముదరలేదు.

వీళ్ళకి తెచ్చే చుట్టాలెవరున్నారు?

"ఊరందరి పిల్లలకీ నువ్వే వేస్తున్నావు కదయ్యా," అంది ఓతాకి. "నీ కూతురికి ఒకటి తేలేవా?"

"తెస్తాను."

తెచ్చాడు.

ఇక్కడ ఒక సంగతి. ఆ వీరుడి పలక చెక్కాక, చూపు కుదరలేదని బొమ్మ గీసినాయన పేచీ పెట్టాడు. అందుకని గెంపాచి రెండు కనుపాపల దగ్గరా చెక్క తవ్వేసి, బియ్యపు గింజంత అతుకు ముక్కలు రెండు బిగించి, వాటి మీద కొత్త చూపు చెక్కాడు. నీళ్ళలో నానీ ఆరీ అతుకులు వదులవుతాయి. ఒకరోజు ఇసోకిచి పలకని సాగనంపు మెట్ల దగ్గర కడిగి తెచ్చి మళ్ళీ పని మొదలుపెట్టాడు. ఏడో కాగితం ఎత్తాక గానీ చూసుకోలేదు — వీరుడికి కళ్ళున్నాయి. కనుపాపలు లేవు. అతుకులు రెండూ కాలువలో పడిపోయాయి.

ఆ ఏడు కాగితాలూ చెత్తలోకి పోయాయి. పలక ఎలాగూ అరిగిందని చిత్రిక పట్టేశారు.

ఇసోకిచి ఇంటికి తెచ్చింది ఆ ఏడింటిలో ఒకటి.

"మంచిది తీస్తే దొంగతనం కదమ్మా," అన్నాడు నాతో. "చెడిపోయింది అయితే కాదు కదా. అయినా... నేను రోజూ వేసేవాణ్ణి. కాగితం, రంగు. అంతకన్నా అందులో ఏముంటుందనుకున్నాను. ఓతాకి మనసు కుదుటపడితే చాలనుకున్నాను."

ఓతాకికి చెప్పలేదు. గదిలో ఎర్ర గుడ్డ, ఎర్ర వెలుతురు. ఎర్రలో ఎరుపు — ఆమె గమనించలేదు.

ఏడో రోజుకి పాప కళ్ళు వాచి మూసుకుపోయాయి. అందరికీ అంతే. పదో రోజుకో పదకొండో రోజుకో విచ్చుకుంటాయి. లేకపోతే...

తొమ్మిదో రోజు పొద్దున్న ఓకుమా అవ్వ దీపం పట్టుకుని పాప రెప్పల మీది పొక్కులు చూసింది. తర్వాత దీపం ఎత్తి గోడకేసి చూసింది. చాలాసేపు చూసింది.

"ఒరేయ్ ఇసోకిచీ."

"ఏం అవ్వా?"

"వీడికి చూపేదిరా?"

అవ్వ దీపాన్ని బొమ్మకి ఇంకా దగ్గరగా జరిపింది.

"కాపలాకి గుడ్డివాణ్ణి నిలబెట్టావా? పాప కళ్ళ దగ్గరే కూర్చున్నాడా దేవుడు... వీడేం చూసి తరుముతాడు?"

ఓతాకి లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. వేలితో ఆ తెల్లగుడ్లు తడిమింది. మొగుడి వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

అబద్ధం చెప్పలేని మనిషి. "తెలుసు," అన్నాడు.

ఆమె అరవలేదు. పెదవులకి పూసుకునే ఎర్రరంగు గిన్నె తీసి అందులో వేలు ముంచబోయింది. అవ్వ మణికట్టు పట్టుకుంది. "వద్దే. అచ్చులో పుట్టినవాడికి అచ్చుతోనే చూపు రావాలి. చేత్తో పులిమితే రేపు పాప కంట్లో కూడా పులిమినట్టే ఉంటుంది."

ఇసోకిచి బయటికి పరిగెత్తాడు. బొమ్మల దుకాణాలన్నీ తిరిగాడు. ఊరంతా మశూచి. ఎర్ర వీరుడు ఒక్కడు మిగల్లేదు. ఒకరింట్లో కాపలా ఉన్నవాణ్ణి ఇంకొకరు అడక్కూడదు. అడిగినా ఇవ్వరు — నేనైనా ఇవ్వను. పనిశాలకి వెళ్ళాడు. పలక నున్నగా ఉంది. గెంపాచి ఏటి చివరి పండక్కి పల్లె వెళ్ళిపోయాడు, మంచు కరిగితే గానీ రాడు.

మిగిలింది ఆ రెండు గింజలు. కాలువ బురదలో.

సముద్రం ఆటు మీదుంటేనే ఆ కాలువ అడుగు బయటపడుతుంది. ఆ రోజు ఆటు ఎప్పుడని పడవవాళ్ళని అడిగాడు.

"దీపాలు పెట్టే వేళకి," అన్నారు.

దీపాలు పెట్టే వేళకి ఇసోకిచి మెట్లు దిగాడు. చేతిలో కాగితపు లాంతరు. ఆఖరి మెట్టు మీద చెప్పులు విడిచి, పక్కన లాంతరు పెట్టి, మోకాళ్ళ లోతు బురదలోకి దిగాడు.

నీళ్ళు కొరుకుతున్నాయి. తను పలక కడిగే చోటు అతనికి తెలుసు. అక్కడే వంగి, పిడికెడు పిడికెడు బురద తీసి, వేళ్ళ మధ్య నలిపి, వదిలేసి... మళ్ళీ తీసి, నలిపి... ముల్లంగి తొక్కలు. గవ్వలు. చెక్క పేళ్ళు — ఒక్కటీ గింజ కాదు. చేతులకి స్పర్శ పోయింది. కళ్ళు మూసుకుని కూడా బుగ్గ ఎక్కడ తిరుగుతుందో తెలిసిన చేతులు... ఇప్పుడు గింజకీ గవ్వకీ తేడా తెలియడం లేదు.

ఎంతసేపయిందో. నడుం పట్టేసి నిటారుగా లేచి వెనక్కి చూశాడు. లాంతరు వెలుగుతోంది. దాని పక్కన అతని చెప్పులు.

అతని చెప్పుల పక్కన... ఇంకో జత.

చిన్నవి. ఆడవాళ్ళవి. పొందిగ్గా.

"ఏం వెతుకుతున్నారు?"

గొంతు పక్క నుంచే. నీళ్ళలోంచి. అతను తల తిప్పలేదు. తిప్పాలంటే మెడ తిరగలేదన్నాడు.

"కళ్ళు," అన్నాడు.

"ఎవరివి?"

"మా పాపవి."

తర్వాత ఒక కిమోనో చేతిగుడ్డ నీళ్ళ మీద వాలడం కనబడింది. ఒక చెయ్యి బురదలోకి దిగింది... మణికట్టు దాకా... మోచేతి దాకా. అతను మూడు సార్లు గాలించిన చోటే. పైకి వచ్చినప్పుడు పిడికిలి మూసి ఉంది.

పిడికిలి అతని ముందుకి చాచి ఆగింది. తెరవలేదు.

"నన్ను గుర్తుపట్టారా?"

అప్పుడు తల తిప్పాడు. ఆమె రెండో చేత్తో అడ్డం పెట్టుకున్న గుడ్డ దించింది. లాంతరు వెలుతురు తిన్నగా ఆ మొహం మీద పడింది.

"ఎవరో తెలుసమ్మా నాకు," అన్నాడు ఇసోకిచి నాతో. "తెలియకపోవడం ఏముంది? కానీ గుర్తుపట్టడం వేరు. నేను రుద్దిన మొహంలో ఒక్క గీత అక్కడ లేదు. అప్పుడూ అంతే. ఇప్పుడూ అంతే. నేనేం చెయ్యను?"

ఏం చేశాడంటే — పుట్టి బుద్ధెరిగి మొదటి అబద్ధం ఆడాడు.

"గుర్తుపట్టాను. ఓషినోవి కదూ."

"ఎప్పట్లాగే ఉన్నానా?"

"...ఎప్పట్లాగే ఉన్నావు."

ఆమె అతన్నే చూసింది. చలి తెలియడం మానేసింది అతనికి.

"అలా చూసే కళ్ళు ఇంకా ఉన్నాయన్నమాట," అంది.

పిడికిలి విప్పింది. అరచేతిలో రెండు గింజలు.

చెప్పులూ లాంతరూ అక్కడే వదిలేసి వట్టి కాళ్ళతో ఇల్లు చేరాడు. ఎలా దొరికాయని ఓతాకి అడిగితే, "దొరికాయి," అన్నాడు. అంతే. మెట్ల మీద జరిగింది ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

గింజలు కడిగాడు. వీరుణ్ణి దింపి చాప మీద పరిచాడు. గింజ కొసకి ఎరుపు అద్ది, ఊపిరి బిగబట్టి, తెల్లగుడ్డు మధ్యలో ఒత్తాడు. ఒకటి. తర్వాత రెండోది. వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ పోలేదు. గోడకి తిరిగి పెడితే వీరుడు గుమ్మం వైపు ఉరిమి చూశాడు.

"ఇప్పుడు కాపలావాడిలా ఉన్నాడు," అంది ఓకుమా అవ్వ.

పన్నెండో రోజు పొద్దున్న గోరువెచ్చటి నీళ్ళతో పాప మొహం తుడిచారు. పొక్కుల పొట్టు రాలింది. రెప్పలు కదిలాయి. విచ్చుకున్నాయి.

కంట్లో పువ్వు లేదు. పొర లేదు. నల్లగా, తళతళలాడుతూ — రెండు కళ్ళూ!

అవ్వ చాప మీద కూలబడి ఏడ్చింది. ఓతాకి ఏడవడం మర్చిపోయి నవ్వింది. ఎర్ర అన్నం పొయ్యి మీదుంది. గుమ్మం బయట నేను కూడా దండం పెట్టుకున్నాను, ఎవరికి పెట్టానో నాకే తెలీదు.

"తల్లీ, ఇటు చూడు. అమ్మని చూడు."

పాప చూడలేదు.

ఓతాకి మొహం దగ్గరగా పెట్టింది. చెయ్యి ఊపింది. దీపం అటూ ఇటూ తిప్పింది. ఆ కళ్ళు కదలలేదు. తళతళలాడుతూ అలాగే ఉన్నాయి.

"అమ్మా," అంది ఓనావో. "నువ్వెక్కడున్నావు?"

"ఇక్కడే... ఇక్కడే ఉన్నాను కదే!"

"చీకటిగా ఉంది. దీపం పెట్టవా?"

పొద్దుటి ఎండ కిటికీ కాగితం మీద పడి గదంతా తెల్లగా ఉంది.

అప్పుడు పాప గుమ్మం వైపు తిరిగింది. మొహం విప్పారింది. "పిన్ని!" అంది. "అమ్మా, పిన్ని వచ్చింది. నువ్వు కనబడటం లేదు గానీ పిన్ని కనబడుతోంది."

గుమ్మంలో ఎవరూ లేరు. నేను పక్కకి తప్పుకుని కూడా చూశాను.

వైద్యుడు వచ్చి చూశాడు. ఆయన చెప్పింది తర్కంగానే ఉంది. కళ్ళు మూసుకుపోకముందు పాప ఇష్టంగా చూసింది గోడ మీది ఓషినో బొమ్మనే. ఆఖరి చూపు లోపల నిలిచిపోయింది. గుడ్డివాళ్ళకి అలా అవుతుంది, పోను పోను చెరిగిపోతుంది అన్నాడు. ఓతాకి ఆ మాట పట్టుకుంది. నేనూ పట్టుకున్నాను. ఎవరికైనా ఏదో ఒకటి పట్టుకోవాలి కదా.

ఇసోకిచి పాప పక్కన కూర్చుని గుసగుసగా అడిగాడు. "పిన్ని ఎలా ఉందమ్మా?"

"చాలా అందంగా ఉంది. బొమ్మలో లాగే. జుట్టు సర్దుకుంటోంది."

ఓతాకి వైద్యుడి వైపు చూసింది — విన్నారా, బొమ్మే, అన్నట్టు.

"కానీ నాన్నా..." అంది పాప. "పిన్ని చేతికి మోచేతి దాకా బురద ఎందుకుంది?"

ఆ రాత్రి మెట్ల మీద జరిగిందంతా ఇసోకిచి ఓతాకికి చెప్పింది ఆ తర్వాతే.

ఆ సాయంత్రం వీరుణ్ణి సాగనంపాలి. పన్నెండో రోజు దాటి ఇంట్లో ఉంచుకుంటే దేవుడు ఇంకా విందులోనే ఉన్నాననుకుంటాడు. పోడు. ఇసోకిచి బొమ్మని గడ్డి మూత మీద పెట్టి, ఎర్ర అన్నం ముద్ద పెట్టి, గడప దాటాడు.

లోపల నుంచి పాప కేక.

"పిన్ని వెళ్ళిపోతోంది! నాన్నా... అమ్మా... ఏమీ లేదు! ఏమీ కనబడటం లేదు!"

అతను వీధిలో నిలబడిపోయాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. కేక తగ్గింది. ముందుకి వేశాడు... మళ్ళీ కేక. అలా అతను మూతని రెండు చేతుల్లో పట్టుకుని, ఎర్ర అన్నం చల్లారిపోయేదాకా, ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ... మేమందరం చూస్తూ నిలబడ్డాం.

చివరికి లోపలికి వెళ్ళాడు. వీరుణ్ణి మళ్ళీ గోడకి పెట్టాడు.

"నువ్వైతే ఏం చేసేదానివి అక్కా?" అని ఓతాకి నన్ను బావి దగ్గర అడిగింది. "పంపిస్తే దానికి పూర్తి చీకటి. ఉంచితే... ఉంచుకుంటే ఎవరిని ఉంచుకున్నట్టు?"

నేను చేద పైకి లాగుతూ ఉండిపోయాను. బిందె నిండినా తోడుతూనే ఉన్నాను.

ఇప్పుడు వసంతం వచ్చింది. పాప ఆడుకుంటుంది. పరిగెత్తదు గానీ నవ్వుతుంది. దీపాలు పెట్టే వేళకి మాత్రం గుమ్మంలో కూర్చుంటుంది. తండ్రి పని నుంచి రాగానే అడుగుతుంది. రోజూ అదే మాట.

"నాన్నా, పిన్ని అడుగుతోంది. నిజంగా గుర్తుపట్టావా అని."

"పట్టానమ్మా."

"ఎప్పట్లాగే ఉందా?"

"ఎప్పట్లాగే ఉంది."

తుమ్మడానికి కూడా యజమానిని అడిగే మనిషి. రోజూ, దీపాలు పెట్టే వేళకి, ఆ రెండు అబద్ధాలు. వాటి మీదే ఆ పిల్ల కంటి వెలుగు నిలబడి ఉంది.

నిన్న పాప ఇంకోటి అందట. ఓతాకి వచ్చి పాప మాటల్లోనే చెప్పింది.

"నాన్న చెప్పేది అబద్ధమట. పిన్నికి తెలుసట. అయినా ఫర్వాలేదట, నేను చూస్తున్నాను కదా, చాలట. నన్ను వాళ్ళింటికి రమ్మంటోంది."

రాత్రి వాళ్ళు తలుపుకి అడ్డు గడియ వేసి, పాపని మధ్యలో పడుకోబెట్టుకుని, నడుముకి తాడు కట్టి ఆ కొస ఇసోకిచి చేతికి చుట్టారు.

ఇక నేను చూసింది.

ఈ పొద్దున్న ఇంకా తెల్లవారకముందే నీళ్ళకి బయల్దేరాను. వాళ్ళ గడప ముందు ఓనావో చెప్పులున్నాయి — ఎర్ర పట్టీలవి. వాటి పక్కన ఇంకో జత. ఆడవాళ్ళవి. అడుగున బురద ఇంకా తడిగా ఉంది. రెండు జతలూ పక్కపక్కనే, పొందిగ్గా, ముక్కులు కాలువ వైపు తిప్పి ఉన్నాయి.

లోపల ముగ్గురి ఊపిరీ వినబడింది. లెక్కపెట్టుకున్నాను. ముగ్గురిదీ.

వంగి ఆ చిన్న చెప్పుల్ని ఇంటి వైపు తిప్పి పెట్టాను. రెండో జత ముట్టుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

బావికి వెళ్ళి, ఒక్క చేదెడు నీళ్ళు తోడుకుని, తిరిగొచ్చాను.

చిన్న చెప్పులు మళ్ళీ కాలువ వైపే తిరిగి ఉన్నాయి.